కాలి కింది తాడు

శాలేమురాజు చివరి చిరుగు కూడా కుట్టేసి, ముడి బిగించి, దారాన్ని పళ్ళతో కొరికాడు. వలని వాకిట్లో పరిచి ఈ కొస నుంచి ఆ కొస దాకా అరచేత్తో తడుముకుంటూ వెళ్ళాడు. దోమతెరకి ఉన్నంత సన్నటి కన్ను ఆ వలది. పై అంచుకి బెండ్లు, కింది అంచుకి వరసగా సీసం గుళ్ళు గుచ్చిన తాడు, రెండు పక్కలా రెండు వెదురు కర్రలు. బెండ్లు తేలతాయి, గుళ్ళు మునుగుతాయి, మధ్యలో వల తెరకట్టినట్టు నిలబడుతుంది. చేపలు పట్టి అమ్ముకునేవాళ్ళెవరూ ఇలాంటి వల వంక చూడను కూడా చూడరు. ఇందులో పడేవన్నీ వేలెడంత లేని చేపలు. సముద్రం పక్కన ఉప్పునీటి పాయల్లో వాటిని పట్టడం, ఏ రకం ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం, మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యడం. అదీ ఆయన ఉద్యోగం. రేపల్లెలో ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, తర్వాత నిజంగానే జీతమిస్తారా అని అడుగుతారు.

"కాలు చూపించు," అంది ఫ్లోరెన్స్ లోపల్నించి వస్తూ. ఆమె చేతిలో గోడకి తగిలించే అద్దం ఉంది.

"చూసుకున్నాలే. ఏం లేదు."

"నువ్వు చూసుకుంటే ఏం కనపడుద్ది? ఇటు తిప్పు."

ఆమె అరుగు మీద అద్దం పెట్టింది. ఆయన దాని మీదుగా ఎడమ పాదం ఎత్తి పట్టుకున్నాడు. యాభై దాటిన మనిషి, తెల్లవారకుండానే పెళ్ళాం ముందు కాలెత్తుకుని కూర్చోవడం ఆయనకి తలకొట్టేసినట్టుగా ఉంది. ఫ్లోరెన్స్ వంగి, వేళ్ళ సందులన్నీ విడదీసి మరీ చూసింది. ఆమె వేళ్ళు తన పాదం మీద తిరుగుతున్నాయని కంటితో చూస్తేనే ఆయనకి తెలుస్తోంది. కళ్ళు మూసుకుంటే అక్కడ ఆమె లేదు.

ఇదంతా పోయిన వారం తెనాలి డాక్టరు దగ్గర మొదలైంది. వెళ్ళింది కళ్ళు తిరుగుతున్నాయని. షుగర్ ఉందని ఎప్పుడో తెలుసు, మాత్ర గుర్తున్న రోజున వేసుకుంటూనే ఉన్నాడు. ఆ డాక్టరు రక్తం చూసి, కళ్ళు చూసి, ఆఖరికి కాళ్ళు చూస్తానన్నాడు. బల్ల మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. డాక్టరు చేతిలో చిన్న పుల్లకి బిగించిన నైలాన్ దారం ముక్క ఉంది, అచ్చం వల దారంలాగే.

"పాదానికి తగిలినప్పుడల్లా చెప్పండి."

శాలేమురాజు కళ్ళు మూసుకుని, కాసేపాగి "తగిలిందండి" అన్నాడు. ఇంకాసేపాగి మళ్ళీ "తగిలిందండి" అన్నాడు. పాఠం చదవకుండా బడికొచ్చిన పిల్లాడిలా అందాజు మీద చెప్పుకుంటూ పోయాడు. కళ్ళు తెరిచేసరికి డాక్టరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. దారం ఎప్పుడో బల్ల మీద పెట్టేశాడు. ఫ్లోరెన్స్ గోడ మీది క్యాలెండరు వంక చూస్తోంది.

"నడుస్తుంటే కాలి చెప్పు జారిపోవడం, అది తెలియకుండా ముందుకెళ్ళిపోవడం... అలాంటిదేమైనా జరిగిందా?"

"లేదండి, లేదండి," అన్నాడు గబగబా. ఆ ఒక్క మాట మాత్రం నిజమే.

డాక్టరు మంచివాడే. కసరలేదు. ఇక మీదట ఇంట్లో కూడా ఉత్త కాళ్ళతో తిరగొద్దన్నాడు. నీళ్ళలో, బురదలో అసలు దిగొద్దన్నాడు. గుచ్చుకున్నా తెలియదు, చీము పట్టినా తెలియదు, తెలిసేనాటికి కాలుండదు అని నెమ్మదిగానే చెప్పాడు. శాలేమురాజుకి వాళ్ళ పెదనాన్న కొడుకు గుర్తొచ్చాడు. గుంటూరు ఆసుపత్రికి రెండు కాళ్ళతో వెళ్ళి ఒక కాలితో ఇంటికొచ్చిన మనిషి.

అయినా ఆ భయం తెనాలి స్టేషనులో రైలెక్కేదాకానే. భట్టిప్రోలు దాటాక ఇంకో సంగతి తట్టింది. అది తట్టాక కాలు పోతుందన్న భయం చిన్నదైపోయింది. ఆ రెండో సంగతి ఫ్లోరెన్స్‌కి కూడా చెప్పలేదు. వారం రోజులుగా అన్నం ముందు కూర్చున్నా అదే, ఆదివారం చర్చిలో పాట పాడుతున్నా అదే.

వల లాగేటప్పుడు ఇద్దరుంటారు. లోతువైపు కర్ర ఒకరిది, గట్టువైపు కర్ర శాలేమురాజుది. గట్టువైపు మనిషికి చేతులకన్నా కాళ్ళతో పనెక్కువ. గుళ్ళ తాడు నేలకి ఆనుకుని ఉందో లేదో ఆ బురదనీళ్ళలో ఏ కంటికీ కనపడదు. పాదంతో వెతికి, బొటనవేలితో నొక్కి, ఎక్కడా సందు లేకుండా తొక్కిపెట్టుకుంటూ గట్టుకి రావాలి. తాడు నేల నుంచి బెత్తెడు లేచినా చాలు, అడుగున తిరిగే చేపలన్నీ ఆ సందులోంచి జారుకుంటాయి. పైన ఈదేవి మాత్రం అమాయకంగా వలలో పడతాయి. చూసేవాళ్ళకి వల నిండుగానే ఉంటుంది.

ఈ ఏడాది వలలో పడనివన్నీ అడుగున తిరిగే చేపలే. మరీ ముఖ్యంగా చిట్టిదొందు. ఇసుకదొందుల జాతిలోదే గానీ మరీ పొట్టిది, చిటికెన వేలంత కూడా పెరగదు. బజారుకి రాదు, పులుసుకి పనికిరాదు, జాలరులు వల దులిపి పారేస్తారు. ముందు బాపట్ల వైపు పాయల్లో తగ్గింది. తర్వాత నిజాంపట్నం వైపు. అడవులదీవి పాయలో ఒకప్పుడు ట్రే నిండా ఉండేవి, ఇప్పుడు అక్కడా లేవు. లేవని, ఈ లెక్కల మీద పరిశోధన చేసే పిల్ల దీప్తి తిండి మానేసినంత పని చేస్తోంది.

వీధిలో హారన్ మోగింది.

"బూట్లు సంచిలో పెట్టాను," అంది ఫ్లోరెన్స్. స్కూల్లో ఆయా పని ఆమెది. పిల్లలకి చెప్పినట్టే మొగుడికీ చెబుతుంది. "అవేసుకునే నీళ్ళలో దిగు. వినపడిందా?"

"వినపడింది."

"అంతకంటే ఆ అమ్మాయికి సంగతి చెప్పి గట్టు మీద కూచోవచ్చుగా?"

ఆయన వల భుజాన వేసుకుని, సంచి పట్టుకుని బండి వైపు నడిచాడు.

బండి నడిపే నరసింహమే లోతువైపు కర్ర పడతాడు. నోరు ఊరుకోదు. సంచిలోంచి తొంగిచూస్తున్న కాన్వాస్ బూట్లు చూడనే చూశాడు.

"ఏంటి రాజన్నా, బూట్లు! మడచెట్లల్లో ఎవరిదైనా పెళ్ళా?"

"మీ వదిన పెట్టింది."

"పెట్టుద్ది, పెట్టుద్ది. పాతికేళ్ళు బురదలో తొక్కించి ఇప్పుడు బూట్లు పెట్టుద్ది."

ముందు సీట్లో కూర్చున్న దీప్తి నవ్వలేదు. మామూలుగా అయితే ఆమే ముందు నవ్వేది. తెనాలి పిల్ల. రైతు కుటుంబం. ఇంత చదువూ చదివి చేపపిల్లల వెంట పడిందేమిటని వాళ్ళింట్లో అందరూ తలలు పట్టుకున్నారట. బాపట్లలో ఈ పరిశోధన మొదలయ్యాక బురదలో కాలు పెట్టడం, వల విదిలించడం అన్నీ శాలేమురాజు దగ్గరే చూసింది. మొదటి రోజు నుంచీ బాబాయ్ అనే పిలుస్తుంది.

"బాబాయ్," అంది బండి నిజాంపట్నం రోడ్డెక్కాక, వెనక్కి తిరిగి. "ఇవాళ కూడా అడవులదీవిలో దొరక్కపోతే ఇంక రాసేస్తున్నాను. మా సార్ రిపోర్టు ఇవాళే పంపెయ్యమన్నారు."

"ఏమని రాస్తావమ్మా?"

"చిట్టిదొందు ఈ పాయల్లో లేదని. మన కళ్ళముందే పోయిందని." ఆమె కళ్ళు తుడుచుకుంది. "తినే చేప కాదు, అమ్మే చేప కాదు. పోయినా ఎవరూ అడగరు. రాత్రి రాస్తుంటే ఏడుపొచ్చింది తెలుసా? మా అమ్మ ఎవరైనా చచ్చిపోయారా అని పరిగెత్తుకొచ్చింది."

శాలేమురాజు ఇప్పుడు చెప్పెయ్యాలి అనుకున్నాడు. ఈ మలుపు దాటాక. ఆ వంతెన దాటాక. మలుపూ దాటింది, వంతెనా దాటింది. రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల చెరువుల్లో చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. దీప్తి ఆ చెరువుల వంక కోపంగా చూస్తోంది. తప్పంతా వాటిదేనని ఆమె నమ్మకం.

అసలు తప్పు తన కాలిది కాదేమో. నిజంగానే చేపలు పోయాయేమో. చెరువుల నీళ్ళకి చేపలు చావడం ఆయన ఎరగంది కాదు. వారం నుంచీ ఆ ఒక్క ఆశ పట్టుకునే వేలాడుతున్నాడు. చేపలు పోవాలని కోరుకోవడమేమిటి, ఛీ, అని తనని తనే తిట్టుకున్నాడు. మళ్ళీ కాసేపటికి అదే కోరుకున్నాడు.

ఆయనకి ఇంకో పని రాదు. తండ్రి కొల్లూరు లంకల్లో కూలికెళ్ళేవాడు. చిన్నప్పుడు శాలేమురాజు అరటితోటల మధ్య ఏటి ఓరల్లో కాళ్ళు పెట్టి నిలబడి, మడమ కింద దూరిన చేపని వంగి చేత్తో తీసేవాడు. పదో తరగతి తప్పాక బాపట్లలో చలపతిరావుగారని ఒక పెద్దాయన నీళ్ళ సీసాలు మొయ్యడానికి పెట్టుకున్నాడు. అక్కడి నుంచి ఒకటి అయిపోతే ఇంకోటి. దోమపిల్లల లెక్క, రొయ్యపిల్లల లెక్క, ఉప్పు ఎంతుందో చూసే లెక్క, ఇప్పుడీ చేపలు. సార్లు మారారు, బండ్లు మారాయి, పరిశోధనల పేర్లు మారాయి. ఒక్కటీ శాశ్వతమైన ఉద్యోగం కాలేదు. ఒక్క దాంట్లోనూ ఆయన కుర్చీ అనేది ఎరగడు. కానీ చలపతిరావుగారు ఒకసారి గట్టు మీద నిలబడి అందరి ముందూ అన్నాడు, "రాజు కాలి కింద తాడుంటే చీమ కూడా దాటదయ్యా" అని. ఆ మాట ఫ్లోరెన్స్‌కి పెళ్ళయిన కొత్తలో చెప్పాడు. మొన్నీమధ్య కూడా చెప్పాడు. తనకంటూ ఉన్నది ఆ మాటే మరి.

అడవులదీవి దాటి, మడచెట్ల పక్కన మట్టిబాట చివర బండి ఆగింది. ఆటు తీస్తోంది. పాయలో నీళ్ళు మోకాళ్ళకి పైదాకా ఉన్నాయి, చిక్కటి టీ రంగులో. గట్టు వెంబడి ఆలిచిప్పలు బురదలోంచి అంచులు పైకి పెట్టుకుని ఉన్నాయి. దీప్తి తెల్ల ట్రేలు వరసగా పరిచి, సీసాలు, కొలబద్ద తీసి పెట్టుకుంది.

శాలేమురాజు చెప్పులు బండిలో విడిచి, బూట్లు వేసుకున్నాడు. లేసులు గట్టిగా కట్టాడు. నీళ్ళలో దిగి రెండడుగులు వేశాడో లేదో కాలు కూరుకుపోయింది. లాగితే బూటు రాదు. బూటు వస్తే కాలు రాదు. ముందుకి తూలి కర్ర పట్టుకుని ఆగాడు.

"పెళ్ళికొడుకు పడ్డాడోయ్!" అని అరిచాడు నరసింహం. చంకల్లో చేతులేసి పైకి లాగాడు. బూట్లు విప్పి గట్టు మీద పారేసి, శాలేమురాజు మామూలుగానే దిగాడు. ఉత్త కాళ్ళతో.

వల పరుచుకుంది. నరసింహం లోతుకి నడిచి చుట్టు తిరిగాడు. శాలేమురాజు గట్టువైపు కర్రని నేలకి దించి, ఎడమ కాలు ముందుకి పెట్టాడు. తాడు మీద పెట్టానా? పెట్టాననే అనుకున్నాడు. ఇదివరకు గుళ్ళు ఒక్కొక్కటీ బొటనవేలి కింద రేగిపళ్ళలా దొర్లేవి. బురద చల్లదనం వేళ్ళ సందుల్లోంచి పైకి పాకేది. ఇప్పుడు మోకాలి దాకా తను ఉన్నాడు, మోకాలి కింద ఎవరి కాళ్ళో ఉన్నాయి. అడుక్కి చూశాడు. టీ రంగు నీళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. బరువంతా ఆ కాలి మీదే వేసి, పళ్ళు బిగపట్టి తొక్కుకుంటూ వచ్చాడు. చెమటతో కళ్ళు మండాయి.

వల గట్టెక్కింది. నిండుగా ఉంది. కొయ్యింగ పిల్లలు, నెత్తళ్ళు, అద్దంలా మెరిసే పొట్టి చేపలు, రొయ్యపిల్లలు. దీప్తి మోకాళ్ళ మీద కూర్చుని ట్రేలో వేళ్ళతో వెతికింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

"లేదు," అంది.

రెండోసారి కాస్త ఎగువన వేశారు. ఈసారి శాలేమురాజు కర్రని రెండు చేతులా పట్టి బురదలోకి దిగ్గొట్టినంత పని చేశాడు. "నెమ్మది రాజన్నా, కర్ర ఇరుగుద్ది," అన్నాడు నరసింహం. ప్రభువా, ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి చాలు అనుకున్నాడు శాలేమురాజు. వల గట్టెక్కింది. దీప్తి వెతికింది. లేచి నిలబడి చేతులు కడుక్కుంది.

"ఇంక చివరిది వేసేసి వెళ్ళిపోదాం," అంది. ఫోన్ తీసింది. సార్‌తో మాట్లాడుతోంది. "లేదు సార్... ఇక్కడ కూడా సార్... అవును సార్, రాసేస్తాను సార్."

శాలేమురాజు గట్టున నిలబడి ఆ పిల్ల వీపు వంక చూశాడు. రాసేస్తుంది. అచ్చవుతుంది. చిట్టిదొందు పోయిందని ఎక్కడెక్కడివాళ్ళో చదువుతారు. ఈ పిల్ల పేరు దాని కిందే ఉంటుంది. ఆ చేపలు మాత్రం ఇక్కడే, ఈ బురదలోనే, తన కాళ్ళ చుట్టూ తిరుగుతూ ఉంటాయి.

"అమ్మా," అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. "ఈసారి నా కర్ర నువ్వు పట్టు."

"నేనా? నాకేం వచ్చు బాబాయ్!"

"నడుం పట్టేసింది. ఒక్కసారి పట్టు. నేను ఇక్కణ్ణించి చెప్తాగా."

అదీ అబద్ధమే. దీప్తి ప్యాంటు మడిచి, మొహం చిట్లించుకుంటూ దిగింది. నరసింహం "మేడంగారొచ్చారు, చేపలూ తప్పుకోండి" అంటూ లోతుకి నడిచాడు. శాలేమురాజు గట్టు వెంబడి ఆమె పక్కనే నడుస్తూ చెప్పాడు.

"కర్ర కాదమ్మా, కాలు. కాలితో వెతుకు. గుళ్ళు తగిలినయ్యా?"

"ఆ... తగిలాయి. గోళీకాయల్లా ఉన్నాయి."

"వాటి మీద బొటనవేలు పెట్టి నొక్కు. ఇంకో కాలు దాని పక్కన. ఎత్తకు, జరుపు. జరుపుకుంటూ రా."

ఆమె జరుపుకుంటూ వచ్చింది. మధ్యలో ఉన్నట్టుండి "అయ్యో!" అని కెవ్వుమంది.

"ఏంటమ్మా?"

"కాళ్ళ కింద ఏవో జిలజిలలాడుతున్నాయి బాబాయ్! వేళ్ళ సందుల్లో దూరుతున్నాయి. అబ్బా, చక్కిలిగింతలు! బాబాయ్, నవ్వొస్తోంది, పడిపోతా!"

శాలేమురాజు ఆగిపోయాడు. ఆ జిలజిల ఆయనకి తెలుసు. మడమ కింద దూరి బయటికి దారి వెతుక్కునే చేప. చిన్నప్పుడు లంకల్లో, తర్వాత ఇన్నేళ్ళూ ఈ పాయల్లో, ఎండలో ఒళ్ళు మండుతున్నా ఆ చక్కిలిగింతకి పెదవి మీదికి నవ్వొచ్చేసేది. ఆఖరిసారి ఎప్పుడొచ్చింది? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కాలు ఎత్తకు తల్లీ," అన్నాడు. "ఎత్తకు. తొక్కిపెట్టు."

వల గట్టెక్కింది. బురదతో కలిసి అడుగున ఏదో గోధుమరంగులో లుకలుకలాడింది. దీప్తి ట్రేలోకి వంచి నీళ్ళు పోసింది. బురద తేటపడింది. చిట్టిదొందులు. ట్రే అడుగునంతా. ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, చిన్న చిన్న నోళ్ళు తెరుస్తూ.

దీప్తి రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. నరసింహం తలగుడ్డ తీసి గాల్లోకి విసిరి, "వచ్చేశాయిరా బాబూ!" అని గంతేశాడు. ఆ పిల్ల నవ్వుతోంది, ఏడుస్తోంది, బురద చేత్తోనే కళ్ళు తుడుచుకుంటోంది.

"ఉన్నాయి బాబాయ్! ఎక్కడికీ పోలేదు! ఆటు బాగా తీసింది కదా, అందుకే అడుక్కి చేరాయి. ఇందాక నీళ్ళెక్కువున్నాయి. అంతే, అంతే అయ్యుంటుంది."

చూడండి, దారి ఆమే చూపించింది. "అవునమ్మా, ఆటే" అంటే చాలు. ఎవరికీ ఏమీ తెలియదు. ఈ రోజుకి గండం గడుస్తుంది. శాలేమురాజు నోరు తెరిచాడు కూడా.

"వచ్చే నెల మాత్రం మళ్ళీ మీరే పట్టాలి," అంది దీప్తి నవ్వుతూ. "నా వల్ల కాదు, నడుం విరిగిపోయింది."

వచ్చే నెల. మళ్ళీ ఆ టీ రంగు నీళ్ళు, మళ్ళీ ఎవరివో కాళ్ళు. మళ్ళీ ఈ పిల్ల ఖాళీ ట్రే ముందు మోకాళ్ళ మీద.

"ఆటు కాదమ్మా," అన్నాడు. "అవి ఎప్పుడూ ఇక్కడే ఉన్నాయి. నా కాలి కిందనించి పోతున్నాయి."

ఆమెకి అర్థం కాలేదు. ఆయన నిలబడే చెప్పాడు. డాక్టరు, దారం, గుళ్ళ తాడు, అన్నీ. చెబుతుంటే మాటలు ముందువి వెనక, వెనకవి ముందు అయ్యాయి. నరసింహం నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయి, నెమ్మదిగా పోయింది.

"కాలు తెలియకపోవడమేంటి బాబాయ్?" అంది దీప్తి.

"రాజన్నా, నెత్తురు," అన్నాడు నరసింహం.

ముగ్గురూ కిందికి చూశారు. ఆయన నిలబడ్డ చోట గట్టు మీది గడ్డి ఎర్రగా ఉంది. ఎడమ పాదం పక్కన ఆలిచిప్ప బారుగా కోసేసింది. శాలేమురాజు కూడా వాళ్ళతోపాటే, వాళ్ళలాగే ఆశ్చర్యంగా దాన్ని చూశాడు.

"నొప్పిగా లేదా?"

"లేదమ్మా."

దీప్తి బండి దగ్గరికి పరిగెత్తి మంచినీళ్ళ క్యానూ, దూది, గుడ్డ తెచ్చింది. ఆయన వద్దంటున్నా కింద కూర్చుని కాలు కడిగి కట్టు కట్టింది. కట్టు ముడి వేశాక తలెత్తింది. మొహం ఎర్రబడి ఉంది.

"వారం నుంచి తెలుసా మీకు? తెలిసి, పొద్దున బండిలో నేనట్లా ఏడుస్తుంటే వింటూ కూర్చున్నారా?"

ఆయన గట్టు మీద పడున్న బూట్లు చేతిలోకి తీసుకున్నాడు.

"ఎప్పటి నుంచి ఇలా? అది చెప్పండి. ఏ నెల నుంచి? ఏ నెల లెక్క దాకా నిజం, ఏ నెల నుంచి తప్పు? అది తెలిస్తే మిగతావైనా పనికొస్తాయి బాబాయ్."

"తెలిస్తే చెప్పనా అమ్మా," అన్నాడు. "నొప్పి అయితే ఫలానా రోజున వచ్చిందని చెప్పగలను. ఇది తెలియకపోవడం. ఎప్పుడు మొదలైందో ఎట్టా తెలుసుద్ది?"

దీప్తి ఏదో పెద్ద మాటే అనబోయి మింగేసిందని ఆయనకి తెలిసింది. తర్వాత ట్రే ఎత్తుకుని నీటి అంచున కూర్చుంది. చిట్టిదొందుల్ని లెక్కపెట్టింది, ఒకటి రెండు సీసాలో వేసుకుని మిగతావి పాయలోకి వంచేసింది. అవి బురదలోకి దూరిపోయాయి. అప్పుడు ఫోన్ చేసింది.

"సార్, ఇవాళ పంపలేను సార్. దొరికాయి సార్. వల లాగడంలో తేడా వచ్చింది. లేదు సార్, తప్పు నాదే. నేను చూసుకోవాల్సింది. ఏడాది లెక్కంతా మళ్ళీ చూడాలి సార్. అవును సార్, మొత్తం." అవతల కేకలు గట్టు మీదికి కూడా వినపడ్డాయి. ఆమె తలొంచుకుని విన్నది.

నాలుగు తిట్టినా బాగుండేది అనుకున్నాడు శాలేమురాజు. తన పేరు చెప్పినా బాగుండేది.

తిరుగుదారిలో నరసింహం పాటలు పెట్టి, వెంటనే కట్టేశాడు. బండి వెనక సీట్లో వల పక్కన శాలేమురాజు కూర్చున్నాడు. తడి గుళ్ళ తాడు ఆయన కాళ్ళ దగ్గర చుట్టగా పడి ఉంది. కట్టు మీదుగా చెప్పు ఎలాగో ఇరికించి పెట్టుకున్నాడు. ఫ్లోరెన్స్ సాయంత్రం అద్దం పట్టుకునొస్తుంది. ఏం చెప్పాలో తోచలేదు. కానీ వారం రోజుల నుంచీ గుండె మీద ఉన్న బండ మాత్రం ఇప్పుడు లేదు. దాని చోట ఏమీ లేదు. ఉత్త ఖాళీ.

"బస్టాండు దగ్గర ఆపు నరసింహం."

"ఇంటిదాకా వస్తా రాజన్నా. ఆ కాలేసుకుని..."

"వద్దులే. బజార్లో పనుంది."

పనేమీ లేదు. వల లేకుండా ఆ బండిలోంచి ఇంటి ముందు దిగడం వీధంతా చూడటం ఆయనకి ఇష్టం లేదు. ఇన్నేళ్ళలో వల ఆయన ఇంట్లో కాక ఇంకెక్కడా పడుకోలేదు.

బండి ఆగింది. ఆయన తలుపు తీసి, చువ్వ పట్టుకుని దిగాడు. దీప్తి కూడా దిగి ఆయన పక్కన నిలబడింది.

"బాబాయ్, వల..."

"బండిలోనే ఉండనీ అమ్మా. రేపు నీడలో ఆరేయించు. ముందు గుళ్ళ తాడు మంచినీళ్ళతో కడగాలి, ఉప్పుకి తాడు చివికిపోద్ది."

"వచ్చే నెల..." అని ఆగిపోయింది ఆ పిల్ల. కళ్ళు నిండాయి. కోపం ఇంకా పోలేదు, అలాగని ఆయన్ని వదులుకోవడమూ చేతకావట్లేదు.

"ఎవరినన్నా మంచి మనిషిని చూసుకోండమ్మా," అన్నాడు శాలేమురాజు. "కాళ్ళు బాగున్నవాణ్ణి."

బూట్ల సంచి భుజానికి తగిలించుకుని నడిచాడు. వెనక నుంచి వాళ్ళు చూస్తుంటారని తెలుసు. అందుకని తూలకుండా, తల దించకుండా, నిటారుగా నడిచాడు. అరటిపళ్ళ బండ్లు దాటాడు. రోడ్డు మీద కంకర లేచి ఉన్న చోట జనం పక్కనించి పోతున్నారు. ఆయన మాత్రం దాని మీదనించే పోయాడు.

దీప్తి కళ్ళు తుడుచుకుని, వల సర్దుదామని వెనక సీటు దగ్గరికి వచ్చింది. వంగినదల్లా ఆగిపోయింది.

"నరసింహం గారూ, హారన్ కొట్టండి! బాబాయిని పిలవండి, తొందరగా!"

నరసింహం హారన్ కొట్టాడు, కిటికీలోంచి తల బయట పెట్టి "రాజన్నా! ఓ రాజన్నా!" అని గొంతు చించుకున్నాడు. అప్పుడే బస్టాండులోంచి తెనాలి బస్సు హారన్ కొట్టుకుంటూ బయటికొచ్చింది. అది దాటేసరికి శాలేమురాజు జనంలో కలిసిపోయాడు.

బండిలో, వెనక సీటు కింద, తడి గుళ్ళ తాడు పక్కన, బొటనవేలి దగ్గర గుంటపడి మడమ దగ్గర అరిగిపోయిన ఎడమ కాలి చెప్పు ఉంది.